గిట్టుబాటు కాని పని

“గిట్టుబాటు కాదు, దోనా జురేమా,” అన్నాడు ఒటావియో. చేదు మాట చెప్పేటప్పుడు గొంతులో కాస్త తేనె కలుపుకోవడం అతనికి అలవాటు. ఆమె కోసం కుర్చీ జరిపిన చప్పుడు కూడా వినిపించింది. జురేమా కూర్చోలేదు.

ఒటావియో మేనేజరుగా ఉన్న ఆ సహకార సంఘం చేసే పని ఒకటే. నగరసభ సమావేశాలు, కార్మిక సంఘాల చర్చలు, విశ్వవిద్యాలయం వాళ్ళ ఇంటర్వ్యూలు రికార్డయి వస్తాయి. సభ్యులు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, విని, అక్షరాల్లోకి దించి పంపుతారు. సభ్యుల్లో సగం మంది చూపు లేనివాళ్ళే. జురేమాకి పుట్టుకతోనే చూపు లేదు. ముగ్గురు ఒకేసారి గొంతు చించుకుంటున్న సభలో ఎవరి మాట ఎవరిదో విడదీయాలంటే మాత్రం సంఘం మొత్తానికీ ఆమే దిక్కు. కష్టమైన రికార్డింగులన్నీ ఆమె ఇంటికే చేరేవి. కాండ్రించే అధ్యక్షులు, మైకు మింగేసే సభ్యులు, మధ్యలో మొరిగే కుక్కలు, అన్నీ ఆమె చెవుల గుండానే కాగితం మీదికి వెళ్ళాయి.

ఇప్పుడు సంఘం కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది. జురేమా ల్యాప్‌టాప్‌లో అది తెరుచుకోలేదు. లోపలి ప్రాసెసర్‌కి కావలసిన విద్య రాదని ఒక్క ముక్క చెప్పి మూసుకుపోయింది. శుక్రవారం పరీక్ష. ఎవరి యంత్రం మీద వాళ్ళు ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి ఒక రికార్డింగు రాసి ఇవ్వాలి. ఇవ్వలేనివాళ్ళకి ఇక పని పంపరు.

“అయితే ప్రాసెసర్ మార్పించుకుంటాను,” అంది జురేమా.

ఒటావియో నవ్వలేదు గానీ ముక్కులోంచి గాలి వదిలాడు. “అది మార్చేది కాదమ్మా. బోర్డుకి టంకం పెట్టి అతికించేసి ఉంటుంది. తొమ్మిదేళ్ళ నాటి ల్యాప్‌టాప్ అది, ఇంకా దానికి వైద్యమేమిటి? కొత్తది కొనుక్కోండి. లేదంటే, మీకెలాగూ ప్రభుత్వ భృతి వస్తోంది కదా. మన సభ్యులే, నెయిడె, ఒస్వాల్దో ఒప్పుకున్నారు. ఇంటిపట్టున ఉంటామన్నారు.”

“వాళ్ళు ఒప్పుకున్నారా, నువ్వు ఒప్పించావా?”

ఒటావియో కాఫీ తెప్పించనా అని అడిగాడు. జురేమాకి ఒళ్ళు మండిపోయింది. గిట్టుబాటు కాదన్న మాట ఆమెకి కొత్త కాదు. ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగే చీకటి గదిలో పని చేస్తున్నప్పుడు కూడా ఒకరోజు పెద్దాయన ఒకడు వచ్చి ఇలాగే మెత్తగా, ఈ గది ఇంక గిట్టుబాటు కాదమ్మా అన్నాడు. అప్పుడు చిన్నది గనక తలవంచుకుని బయటికొచ్చేసింది. ఇప్పుడు ఆమెకి యాభై ఎనిమిది. తల వంచడానికి మెడ కూడా అంత తేలిగ్గా ఒప్పుకోవడం లేదు.

ల్యాప్‌టాప్‌ని సంచిలో పెట్టుకుని, మడత కర్ర విప్పుకుని వెళ్ళిపోయింది. కొత్తది కొనే స్థోమత ఆమెకి లేదన్నది నిజమే. అంతకంటే పెద్ద నిజం ఇంకోటుంది. ఆ యంత్రానికి ఏ జబ్బూ లేదు. పొద్దున్నే లేచి వార్తలు చదివి పెడుతోంది, కరెంటు బిల్లు చదివి పెడుతోంది, మనవరాలి ఉత్తరాలు చదివి పెడుతోంది. దాని మీటల మీద అరిగిన చోట్లన్నీ ఆమె వేళ్ళు అరగదీసినవే. పాడవని దాన్ని పారెయ్యమంటే ఆమెకి మనసొప్పలేదు.

మర్నాడు రెపుబ్లికా స్టేషన్లో రైలు తలుపు దగ్గర ఆమె కోసం స్టేషన్ ఉద్యోగి ఒకడు నిలబడి ఉన్నాడు. ఎక్కిన స్టేషన్ వాళ్ళు ఆమె ఏ పెట్టెలో ఉందో వైర్‌లెస్‌లో ముందే చెప్పేస్తారు. కొత్తవాడు కాబోలు, ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుని తోసుకుపోసాగాడు. జురేమా ఆగి, అతని చెయ్యి విడిపించుకుని, తనే అతని మోచెయ్యి పట్టుకుంది. నువ్వు నన్ను పట్టుకుంటే అది మోసుకుపోవడం, నేను నిన్ను పట్టుకుంటే అది నడవడం అని చెప్పింది. అతను గేటు దాకా జాగ్రత్తగా నడిచాడు.

సాంతా ఇఫిజేనియా వీధిలో కాలిబాట మీద నడవాలంటే చూపున్నవాళ్ళకే కష్టం. కేబుళ్ళు, కెమెరాలు, దొంగ చార్జర్లు అమ్మేవాళ్ళు దారికడ్డంగా నిలబడి ఒకరి మీద ఒకరు అరుస్తుంటారు. జురేమాకి ఆ అరుపులే దారి చూపించాయి. పాత మేడ రెండో అంతస్తులో టంకం పని చేసే వల్దెసీర్ దుకాణం ఉందని నెయిడె చెప్పింది. మెట్లెక్కుతుండగానే టంకానికి పూసే జిగురు కాలిన వాసన వచ్చింది. చర్చిలో ధూపానికి దూరపు చుట్టం లాంటి వాసన. దాన్ని పట్టుకుని దుకాణం దాకా వెళ్ళింది.

వల్దెసీర్‌కి నలభై దాటి ఉంటాయని గొంతును బట్టి లెక్కేసుకుంది. ఆమె బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, మూత తన వైపు తెరిచి, మీట నొక్కింది. యంత్రంలోని చదివే గొంతు గడగడమని మాట్లాడటం మొదలెట్టింది. చూపులేనివాళ్ళు ఆ గొంతును ఎంత వేగంగా పెట్టుకుంటారంటే, అలవాటు లేనివాడికి ఒక్క అక్షరం అందదు. అవతలి వైపు నుంచి వల్దెసీర్ నవ్వాడు.

“ఇదేంటమ్మా, వేలంపాటా?”

“నా యంత్రం. దీని ప్రాసెసర్ తీసి పెద్దది పెట్టాలి. శుక్రవారం పొద్దుటికల్లా.”

వల్దెసీర్ కూడా ఆ మాటే అన్నాడు. గిట్టుబాటు కాదన్నాడు. అతికించిన ప్రాసెసర్ ఊడదీయడం వాచీ మరమ్మతు కాదనీ, ఇంత శ్రమ పడేకన్నా ఇంకో పాతది చూసి కొనుక్కోవచ్చనీ చెప్పుకుపోయాడు. జురేమా అతను చెప్పేదంతా విని, చివర్లో కర్రతో నేల మీద ఒకసారి కొట్టింది.

“గిట్టుబాటు సంగతి నేనడిగానా నాయనా? అవుతుందా, కాదా, అదొక్కటే అడిగాను.”

పక్క దుకాణంలో కేబుళ్ళు అమ్మే మగాలి పకపకా నవ్వింది. “చెప్పవేం వల్దెసీర్? పొద్దుటనుంచీ ఖాళీగా కూర్చుని సామెతలాగా అదే మాట అందరికీ చెబుతున్నావుగా, ఇప్పుడు గొంతులో ముద్ద అడ్డం పడిందా?”

వల్దెసీర్ ల్యాప్‌టాప్ కట్టేసి, బోర్లించి, అడుగున అంటించిన కాగితం చదివాడు. లేచి వెనక్కి వెళ్ళాడు. రేకు పెట్టెలో పలకలు గలగలా కదిలాయి. అలాంటి దుకాణాలన్నిటిలోనూ చచ్చిన బోర్డులు వేసుకునే పెట్టె ఒకటుంటుంది. ఎవరూ దేన్నీ పారెయ్యరు. ఒకదాని ప్రాణం పోతే దాని ఎముకలు ఇంకోదానికి పనికొస్తాయని దాచుకుంటారు. తిరిగొచ్చి ఒక పలక ఆమె చేతిలో పెట్టాడు.

ఇదీ మీ మోడలేనని చెప్పాడు. ఎవరో దీని మీద కాఫీ ఒలకబోసుకుంటే ఒక మూల కాలిపోయిందట. ప్రాసెసర్ మాత్రం బతికే ఉండొచ్చు. ఇది ఎక్కువ ధరకి అమ్మిన రకం గనక దీని మీద పెద్ద ప్రాసెసర్ వేశారు. కొత్త సాఫ్ట్‌వేర్ అడిగే విద్య దానికి వచ్చు.

తరవాత ఆమె ల్యాప్‌టాప్ మరలు విప్పి, దాని బోర్డు కూడా తీసి పక్కన పెట్టాడు. జురేమా రెండిటినీ తడిమింది. ఒక పలక అంచు వెంట వేలు నడిపించి, మళ్ళీ రెండోదాని అంచు వెంట నడిపించింది. మర రంధ్రాలు, ఫ్యాను కోసం కోసిన వంపు, మెమరీ గాడి, అన్నీ ఒకే చోట తగిలాయి. మధ్యలో గాజులా నున్నటి ప్రాసెసర్ ముక్క కూడా రెండింటికీ ఒక్కలాగే ఉంది.

“మరి తేడా ఏది?”

“పైకి లేదు. పలకా అదే, చోటూ అదే. మీలాంటి వాళ్ళకి చవగ్గా అమ్మాలని చిన్నది వేశారు.”

“అంటే నాకు అమ్మిన రోజునే ఇందులో పెద్దదానికి చోటుందన్నమాట.”

“ఉంది.”

జురేమా ఆ నున్నటి ముక్క మీద వేలు అలాగే ఉంచింది. ఇంతకాలం తనది చిన్న యంత్రం గనకే చిన్న పని చేస్తోందనుకుంది. కావాలని చిన్నది కూర్చోబెట్టి, తరవాత వచ్చి నీది చిన్నది గనక నువ్వు వెళ్ళిపో అనడం ఆమెకి ఎక్కడో బాగా తెలిసిన మాటలాగే తోచింది. కోపం వచ్చింది. ఆ కోపం ఒటావియో మీదా, కంపెనీ మీదా, చీకటి గది మూసేసిన పెద్దాయన మీదా అని విడదీసి చూసుకోవాలనిపించలేదు.

వల్దెసీర్ దాచకుండా కష్టాలు చెప్పాడు. వేడికి బోర్డు వంగిపోవచ్చు. కాఫీ తాగిన ప్రాసెసర్ లోపల చచ్చి ఉండొచ్చు. అన్నీ బాగున్నా, కొత్తగా వచ్చినదాన్ని బోర్డు నాదని ఒప్పుకోకపోవచ్చు. వీటిలో ఏదైనా జరిగితే ఇప్పుడు నడుస్తున్న యంత్రం కూడా మిగలదు. ఇంటికెళ్ళి ఆలోచించుకు రమ్మన్నాడు.

జురేమా ఆలోచించింది. యంత్రం పోతే పనే కాదు, పొద్దుటి వార్తలూ బిల్లులూ మనవరాలి ఉత్తరాలూ కూడా పోతాయి. ఎవరి ఇంటికో వెళ్ళి చదివి పెట్టమని అడగాలి. అయినా ఆలోచన ఇంటిదాకా మోసుకెళ్ళడం ఆమెకి చేతకాదు.

“చెయ్యి. కానీ నా ఎదురుగా చెయ్యి. ఏం చేస్తున్నావో చెబుతూ చెయ్యి.”

“నేను పనిలో మాట్లాడను.”

“నేను చూడలేను కదా. నువ్వు మాట్లాడకపోతే నేనిక్కడ ఉన్నా ఒకటే, ఇంట్లో ఉన్నా ఒకటే.”

మగాలి తన దుకాణంలోంచి ముక్కాలి పీట తెచ్చి ఆమెకి వేసింది. ఇద్దరాడవాళ్ళు ఒకవైపు చేరాక వల్దెసీర్ ఇంక వాదించలేదు.

ఆ రోజు బుధవారం. మొదట చచ్చిన బోర్డు మీద పని. వల్దెసీర్ మొదట్లో గొణిగినట్టు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చుట్టుపక్కల చిన్న భాగాలకి వేడి తగలకుండా టేపు అంటిస్తున్నానన్నాడు. కింది హీటరు మీద పలక పెట్టానన్నాడు. తరవాత చాలాసేపు ఏమీ చెప్పలేదు. హీటరు రేకు వేడెక్కుతూ టిక్కు టిక్కుమంటోంది. ఇప్పుడేమిటని జురేమా అడిగితే, ఏమీ లేదు, కాచుకుని ఉన్నానన్నాడు. కాచుకుని ఉన్నానని అయినా చెప్పాలి కదా అంది. ఆ తరవాత నుంచి కాచుకుని ఉన్నప్పుడు కూడా చెప్పసాగాడు. అలా చెబుతూ చెబుతూ అతనికే అది ఇష్టమైనట్టుంది. చేతులు ఏం చేస్తున్నాయో ఇన్నేళ్ళలో ఒక్కసారీ మాటల్లో పెట్టుకోలేదు కాబోలు, మధ్యమధ్య ఆగి సరైన మాట కోసం వెతుక్కున్నాడు.

వేడిగాలి గొట్టం బుస్సుమంది. జిగురు పొగ లేచింది. “ఇప్పుడు చుట్టూ తిప్పుతున్నా. ఒకచోట ఆపితే మాడిపోతుంది. పట్టకారుతో అంచు తాకి చూస్తున్నా. ఇంకా గట్టిగానే ఉంది. ఇంకా... ఆ, వదిలింది. ఎత్తుతున్నా.” సన్నని ముక్క పింగాణీ పళ్ళెంలో పడిన చప్పుడు వినిపించింది.

ఆ ప్రాసెసర్ అడుగున పాత టంకమంతా రాగి అల్లికతో తుడిచేసి, కొత్త టంకపు గుళ్ళు పేర్చాలి. చిల్లుల రేకు ఒకటి దాని మీద బిగించి, గుళ్ళు పోసి ఊపితే ఒక్కో చిల్లులో ఒక్కోటి కూర్చుంటుంది. వెయ్యికి పైన ఉంటాయి. ఒక గుండు ఇటివ్వమని జురేమా అరచెయ్యి చాపింది. పెట్టానని వల్దెసీర్ అంటే ఏదీ, ఏమీ లేదే అంది. బొటనవేలు పక్కవేలితో కలిపి మెల్లిగా రుద్దాక అప్పుడు తగిలింది. గసగసాల గింజకన్నా చిన్నది. ఇది నేల మీద పడితే ఎవరికి కనిపిస్తుందని అడిగింది.

“నాకూ కనిపించదు. కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకున్నా కనిపించదు. ఆ విషయంలో మనిద్దరం ఒకటే.”

మధ్యాహ్నం మగాలి జున్ను రొట్టెలు తెచ్చింది. చేతులకి జిగురు అంటిందని వల్దెసీర్ వద్దంటే, ఈమె పని చేయించుకునేది నీ చేతులతో గానీ నోటితో కాదు, నోరు తెరువు అని ఒకటి అతని నోట్లో కుక్కింది.

గురువారం జురేమా బోర్డు వంతు వచ్చింది. ఆ పూట వల్దెసీర్ గొంతులో సరదా లేదు. నిన్నటిది చచ్చిన బోర్డు, ఇది బతికున్నది. గొట్టం బుస్సుమన్నప్పుడు జురేమా రెండు చేతులూ ఒడిలో కర్ర మీద బిగించుకుంది. చిన్న ప్రాసెసర్ ఊడివచ్చింది. దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది. తొమ్మిదేళ్ళు చాకిరీ చేసిన ముక్క అది. దాని మీద ఆమెకి కోపమేమీ లేదు. రుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుంది.

కొత్తదాన్ని గీతల మధ్య కూర్చోబెట్టానన్నాడు. వేడి పెడుతున్నానన్నాడు. గుళ్ళు కరిగేటప్పుడు పట్టకారు మొనతో కొద్దిగా పక్కకి తోసి చూడాలట. అన్నీ కరిగి ఉంటే, తోసిన పట్టకారు తియ్యగానే అది తనంతట తనే కదిలి తన చోటికి వచ్చి కూర్చుంటుందట.

“తోస్తున్నా.”

మగాలి కూడా తన బేరం వదిలేసి వచ్చి నిలబడ్డట్టు గాజుల చప్పుడైంది.

“వచ్చింది,” అన్నాడు వల్దెసీర్. “వచ్చి కూర్చుంది.”

చల్లారేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ సమయమంతా ముగ్గురూ మాటల్లో పడ్డారు. మగాలి తన మాజీ మొగుడి గురించి చెబితే వల్దెసీర్ అతని తరఫున ఒకటి రెండు మాటలు అని తిట్లు తిన్నాడు. బోర్డు చేతికి చల్లగా తగిలాక వల్దెసీర్ దానికి ఫ్యానూ మెమరీ తగిలించాడు. బయటి తెర పెట్టి చూసే వీల్లేదు. ఆమె ల్యాప్‌టాప్ ఎప్పుడో కిందపడి, బయటి తెర తీగ దూర్చే రంధ్రం వంకరపోయింది. అందుకని దాని సొంత తెరనే తీగతో కలిపి కరెంటు ఇచ్చాడు.

ఫ్యాను తిరిగింది. వల్దెసీర్ ఏమీ మాట్లాడలేదు. ఈసారి ఆ మౌనం కాచుకుని ఉండే మౌనంలా లేదు.

“చెప్పు.”

“తెర నల్లగా ఉంది.”

కరెంటు తీసి మళ్ళీ ఇచ్చాడు. మెమరీ తీసి తుడిచి పెట్టాడు. మళ్ళీ ఇచ్చాడు. కరెంటు లాగుతోంది గానీ బొమ్మ రావడం లేదన్నాడు. కింద ఏ గుండో అంటుకుని ఉండదు, లేకపోతే ప్రాసెసర్ కాఫీతోనే పోయి ఉంటుంది. ఇంకొక్కసారి వేడి పెట్టి చూస్తానన్నాడు. వేడి పెట్టినకొద్దీ బోర్డు బలహీనపడుతుందని నిన్న తనే చెప్పాడు. ఆ సంగతి అతనికీ గుర్తుంది. “మన్నించండి, దోనా జురేమా. ముందే చెప్పానుగా,” అన్నాడు.

రేపు పొద్దున ఒటావియో ముందు చేతులూపుకుంటూ నిలబడటం కళ్ళముందు కదలకపోయినా, అతని గొంతులోని తేనె మాత్రం జురేమా చెవుల్లో మోగింది. వల్దెసీర్ మళ్ళీ కరెంటు ఇచ్చాడు. అతను బొమ్మ కోసం చూస్తున్నాడు. ఆమె తన అలవాటు కొద్దీ వింది.

ఫ్యాను ఒక్కసారి గట్టిగా ఊదింది. ఊదడం ఆపి, నెమ్మదించి, సన్నని చప్పుడుగా నిలిచింది. తొమ్మిదేళ్ళుగా ప్రతి పొద్దున్నా, కాఫీ కలుపుకుంటూ వంటింట్లోంచి ఆమె వినే చప్పుడు అదే. చచ్చినదైతే ఊదుతూనే ఉండాలి. ఇది లేచి, ఒళ్ళు విరుచుకుని, తరవాతి పని కోసం ఎదురుచూస్తోంది.

గొట్టం అందుకోబోతున్న వల్దెసీర్ చెయ్యి ఆమె చేతికి తగిలింది. గట్టిగా పట్టుకుంది.

“వేడి పెట్టకు. డిస్కు తగిలించు. స్పీకర్లు తగిలించు.”

“బొమ్మే రానిదానికి గొంతెలా వస్తుందమ్మా?”

“నాకెప్పుడు బొమ్మ వచ్చింది గనక?”

వల్దెసీర్ చెయ్యి ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది. తరవాత అతను లేచి డిస్కు తెచ్చాడు. స్పీకర్ల తీగలు కలిపాడు. కరెంటు ఇచ్చాడు. ఫ్యాను ఊది నెమ్మదించింది. మగాలి ఊపిరి బిగబట్టింది. కింద వీధిలో ఎవడో కెమెరాలు, కెమెరాలు అని అరుస్తున్నాడు. ఆ అరుపు మధ్యలో బల్ల మీంచి చదివే గొంతు లేచి గడగడా వాగడం మొదలెట్టింది.

జురేమాకి వింటూ ఉండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏమంటోందని మగాలి అడిగింది.

“శుభోదయం అంటోంది. సాయంత్రమైనా అదే అంటుంది, దానికి వేళాపాళా లేదు.”

వల్దెసీర్ తన పెట్టెలోంచి పాత ల్యాప్‌టాప్ తెర ఒకటి తీసి, ఆమె తెర తీగ ఊడదీసి, కాసేపు దీన్ని తగిలించి చూశాడు. బొమ్మ తళతళా వెలిగింది. తప్పు ప్రాసెసర్‌ది కాదు, టంకానిదీ కాదు. ఆమె ల్యాప్‌టాప్ తెరే ఎప్పుడో చచ్చిపోయి ఉంది. ఆమెకి దానితో పనిలేదు గనక తెలియలేదు. మొదటి రోజు ఆమె మూత తన వైపు తెరిచింది గనక అతను తెర చూడలేదు. ఒక్క చూపు కోసం మంచి పనిని తన చేత్తో తనే మాడ్చబోయాడు. అతను పీట మీద కూలబడి చాలాసేపు నవ్వాడు. జురేమా మీట నొక్కి కొత్త సాఫ్ట్‌వేర్ పిలిచింది. గొంతు ఒక్క క్షణం ఆగి, తెరుచుకుందని చెప్పింది.

అప్పుడు ఆమె ఇలాంటి బోర్డులు ఇంకా ఉన్నాయా అని అడిగింది. ఈ మేడంతా వెతికితే రెండు మూడు దొరక్కపోవన్నాడు వల్దెసీర్. రెండు వెతికి ఉంచమంది.

శుక్రవారం సంఘం ఆఫీసులో బల్లల చుట్టూ సభ్యులు కూర్చున్నారు. కర్రలు గోడకి ఆనించిన చప్పుళ్ళు, దగ్గులు, చెవులకి తగిలించుకునే వైర్ల గొడవ. ఒటావియో జురేమా పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఆమె మూత తెరిచి, ఇయర్‌ఫోన్ తగిలించుకుని వేళ్ళు ఆడిస్తోంది.

“దోనా జురేమా,” అన్నాడు మెత్తగా, “మీ యంత్రం వెలగనైనా వెలగలేదు. పోనీలెండి, మీరు శ్రమపడ్డారని అందరికీ తెలుసు.”

జురేమా ఇయర్‌ఫోన్ పీకేసింది. గొంతు గదంతా గడగడలాడింది. చుట్టూ ఉన్న చూపులేని సభ్యులు ఒక్కసారి నవ్వారు. సాఫ్ట్‌వేర్ తెరుచుకుందనీ, పరీక్ష రికార్డింగు సిద్ధంగా ఉందనీ అది చెప్పిన మాట వాళ్ళందరికీ అందింది. ఒటావియోకి అందలేదు. ఇదేం భాష అన్నాడు.

జురేమా ఒక మీట వరసగా నొక్కుతూ పోయింది. గొంతు వేగం తగ్గి, ఇంకా తగ్గి, చివరికి చంటిపిల్లాడికి చెప్పినట్టు ఒక్కో మాటా విడివిడిగా పలికింది. “నీ కోసం నెమ్మది చేశాను నాయనా. ఇప్పుడు అందుతోందా?”

పరీక్ష పెట్టేవాడు తెర మీద చూడాలి కదా అని అతను నసిగాడు.

“చూసి రాసే పనైతే మమ్మల్నెందుకు చేర్చుకున్నారు? నేను ముందు పనిచేసిన గదిలో దీపమే ఉండేది కాదు. కూర్చో. రాసి నీ యంత్రానికి పంపుతాను. నీ తెర మీద చూసుకో.”

రికార్డింగు నగరసభది. బస్సుల గురించి ముగ్గురు ఒకేసారి కొట్లాడుకుంటున్నారు. జురేమా గొంతు వేగం మళ్ళీ పెంచుకుని, రికార్డింగుని ఆపీ నడిపే పెడల్ కాలితో తొక్కుతూ, ఎవరి మాట వాళ్ళకి పంచిపెట్టింది. మొదట ముగించిందీ ఆమే, పంపిందీ ఆమే. ఒటావియో తన బల్ల దగ్గర కూర్చుని చదివాడు. తప్పు పట్టడానికి మళ్ళీ మొదట్నుంచి చదివాడు. తరవాత బాగుందన్నాడు. ఆ మాటలో తేనె లేదు. అందుకే అది నిజమని ఆమెకి తెలిసింది.

“వచ్చే శుక్రవారం నెయిడెకీ ఒస్వాల్దోకీ పరీక్ష పెట్టు.”

“వాళ్ళు వద్దనుకున్నారు కదమ్మా.”

“నిన్న సాయంత్రం నెయిడెతో మాట్లాడాను. వద్దనుకోలేదు. వద్దనుకోవాలని నువ్వు చెబితే సరే అంది. ముగ్గురివీ ఒకే రకం ల్యాప్‌టాప్‌లు. ఒకేరోజు కొన్నాం. కొనిపించింది ఈ సంఘమే. మా ముగ్గురి బోర్డుల్లోనూ పెద్దదానికి మొదట్నుంచీ చోటుంది.”

ఒటావియో ఏదో అనబోయాడు. వెనక బల్ల నుంచి ఎవరో పెట్టవయ్యా, ఏం పోయింది అన్నారు. ఇంకో మూల నుంచి కర్ర నేల మీద టక్కుమంది. మరోటి టక్కుమంది. గదిలో కర్రలన్నీ ఒక్కొక్కటే గోడ దగ్గర్నుంచి దిగి నేలని కొట్టడం మొదలెట్టాయి. ఒటావియో సరే, వచ్చే శుక్రవారం పెడతానన్నాడు. ఇద్దరికీ అని జురేమా అడిగింది. ఇద్దరికీ అన్నాడు.

ఆమె పెడల్ తీసి చుట్టి సంచిలో పెట్టుకుంది. ఒటావియో బల్ల దాకా వచ్చాడు. ఏదో ఒక మంచి మాటతో ముగించాలనుకున్నాడు కాబోలు.

“పోనీ ఆ తెరైనా బాగుచేయించుకోండి, దోనా జురేమా. నల్లగా ఉంది, చూడ్డానికి బాగోలేదు.”

“ఎందుకు నాయనా?” అంది జురేమా, మూత మూస్తూ. “గిట్టుబాటు కాదు.”